పెద్దమ్మ వరస

నెత్తళ్ళని తిరగేస్తున్న తవిటమ్మ చెయ్యి మళ్ళీ ఆగిపోయింది. రోడ్డు మీద ఏదో బండి చప్పుడు. మడమల మీద కూర్చున్నది కూర్చున్నట్టే ఉండి చెవులు అటు అప్పగించింది. వచ్చింది ఐసు గడ్డల ఆటో. అది దడదడమంటూ పక్క రేవు వైపు మళ్ళాక గానీ ఆమెకు ఊపిరాడలేదు. ఈలోగా ఒక కాకి చేపను ముక్కున కరుచుకుని ఎగిరిపోయింది. ఇంకొకప్పుడైతే ఆ కాకి ఏడు తరాలనూ పేరుపేరునా తిట్టి పోసేది. ఇవాళ దాని జోలికి పోలేదు.

ఇసక మీద పాత వల పరిచి, దాని మీద నెత్తళ్ళు ఆరబోసి, ఎండెక్కేలోగా ఒకసారి, ఎండ నెత్తికొచ్చాక ఇంకోసారి తిరగెయ్యాలి. ఉప్పులో నానీ నానీ ఆమె వేళ్ళ చివర్లు పగుళ్ళు తేలి ఉంటాయి. బొటనవేలి గోరు ఎప్పుడో ఊడిపోయి, మళ్ళీ వంకరగా మొలిచింది. నడుము పూర్తిగా నిటారుగా నిలబడి ఎన్నాళ్ళయిందో. యాభై దాటిన మనిషి. ఎప్పుడు దాటిందో ఎవరూ చెప్పలేదు, ఆమె అడగలేదు.

భయం మొదలై వారం దాటింది. బెంగాలీ మాట్లాడే కూలీలను పోలీసులు ఏరి తీసుకుపోతున్నారనీ, పరాయి దేశం వాళ్ళో కాదో తేలేదాకా ఎక్కడో ఉంచుతున్నారనీ మొదట చేపల బేరగాళ్ళు చెప్పారు. బేరగాళ్ళ మాట కదా అని ఎవరూ పట్టించుకోలేదు. తరవాత పక్క రేవుకి జీపు వచ్చింది. వల బాగుచేసుకుంటున్నవాళ్ళని వలతో పాటే లేపి ఎక్కించుకు పోయిందట. ఆ రోజు నుంచి తవిటమ్మ చెవులు రోడ్డు మీదే ఉన్నాయి.

అసలు ఒరిస్సా ఒడ్డునున్న ఈ తెలుగోళ్ళ ఊరికి బెంగాలీవాళ్ళు ఎందుకొచ్చారంటే, ఊళ్ళో వేటకెళ్ళే మగపిల్లలు లేకపోయి. లేరంటే అసలు లేరని కాదు, ఉన్నారు. కేరళలో ఉన్నారు, మద్రాసులో ఉన్నారు. తవిటమ్మ కొడుకు ధనరాజు కూడా కేరళ రేవులోనే ఎవరిదో పెద్ద పడవ మీద పని చేస్తాడు. ఇక్కడ సావుకారి భీమేశ్వరరావు ఇచ్చే కూలి, పొద్దున చేతికొస్తే సాయంత్రానికి ఎటుపోయిందో తెలియనంత. కూలి పెంచండి బాబూ, పిల్లలు ఊళ్ళోనే ఉంటారు అని పెద్దవాళ్ళు ఒకసారి అడిగారు. కూలి మార్చడం కంటే కూలీలను మార్చడం తేలికని ఆయనకు తోచింది. రెండు నెలలు ఆయన ఫైబర్ పడవలు ఇసకలో బోర్లాపడి ఉన్నాక, ఎవరో ఏజెంటు బెంగాల్ నుంచి నలుగురిని తెచ్చి దించాడు. ఊళ్ళోవాళ్ళు ఛీ అన్న కూలికి వాళ్ళు సరేనన్నారు. వలల షెడ్డులో పడుకుంటారు. వాళ్ళకి వండిపెట్టే పని తవిటమ్మది.

ఆ నలుగురిలో ఒకడు సురుజ్ అలీ. సన్నగా, పొడుగ్గా ఉంటాడు, పై పన్ను ఒకటి విరిగి ఉంటుంది. సురుజ్ అనడం ఇక్కడివాళ్ళ నోటికి ఎక్కక సూరిజు అన్నారు, తరవాత సూరి అన్నారు, నెల తిరక్కుండా సూరయ్య అయిపోయాడు. మొదటిరోజు అన్నం వడ్డిస్తుంటే, నిన్ను ఏమని పిలవాలని సైగ చేసి అడిగాడు. "మీ అమ్మకన్నా పెద్దదాన్నే కద, పెద్దమ్మను" అంది తవిటమ్మ. అప్పట్నుంచి రేవంతా వినబడేట్టు పెద్దమ్మా, పెద్దమ్మా అని ఒకటే పిలుపు. మొదట్లో చిరాకుపడింది. తరవాత ఆ కేక వినబడకపోతే ఏదో వెలితిగా ఉండేది.

సావుకారి నిన్ననే బరంపురం వెళ్ళిపోయాడు. అక్కడి హల్దియాపదర్ పేటలో కూతురింట్లో శుభకార్యమట. ఏ శుభకార్యమో చెప్పలేదు. వెళ్తూ వెళ్తూ ఆటోలోంచి తల బయటపెట్టి, "తవిటమ్మా, ఎవులైనా ఒస్తే ఆళ్ళు నీ సుట్టాలని సెప్పు. నా పేరు ఎత్తకు" అన్నాడు. ఆయన సుట్టాలని ఎందుకు చెప్పకూడదని తవిటమ్మకు నోటిదాకా వచ్చింది. మింగేసింది.

నలుగురినీ చుట్టాలని చెప్పడం ఎవరి తరమూ కాదు. మిగిలిన ముగ్గురికీ ఒక్క తెలుగు ముక్క రాదు. సూరయ్యకు మాత్రం కాస్తో కూస్తో వచ్చు. అందుకే వాణ్ణయినా గట్టెక్కిద్దామని, వంట చేస్తూ చేస్తూ వాడికి పాఠాలు పెట్టింది. ఆ పాఠాలు వినడానికి పక్కింటి అసిరమ్మ కూడా పని మానుకుని వచ్చి కూర్చునేది.

"నీ పేరేటి?"

"సూరోయ్య."

"సూరోయ్య కాదురా, సూరయ్య. నోరు గుండ్రంగా సుట్టకు. ఏ ఊరు?"

"సోంపేట."

"ఏ పని సేత్తావు?"

"వోల లాగుతాను."

"వోల కాదు నాయనా, వల! వల!"

అసిరమ్మ పొట్ట పట్టుకుని నవ్వేది. వాడూ నవ్వేవాడు. తవిటమ్మకు మాత్రం నవ్వు సగంలోనే ఆగిపోయేది. వాడికి ఒక అక్షరం వంకరపోతే బతుకు వంకరపోతుంది. అక్కడ కేరళలో తన కొడుకుదీ అదే గతి. ధనరాజు ఫోన్ చేసినప్పుడల్లా చెప్తాడు: నువ్వు ఎవడివని అడుగుతారట, తెలుగోణ్ణంటే ఒరిస్సా కార్డుతో తెలుగోడివి ఎలా అవుతావని నిలదీస్తారట. తాతలు ఎప్పుడో బారువ వైపు నుంచి తెప్పల మీద వచ్చి ఈ ఇసకలో దిగారనీ, ఇంట్లో తెలుగూ బజార్లో ఒడియా మాట్లాడతామనీ వాడు ఎంతమందికి చెప్పుకుంటాడు? సూరయ్యకు వండిపెడుతుంటే, అక్కడ వాడికి ఎవరో ఒకరు పెడుతుంటారులే అన్న ధైర్యం ఆమెకు. ఆ ధైర్యంతోనే ఇన్నాళ్ళూ నిద్రపోయింది.

ఎండ నెత్తికొచ్చేవేళకు పడవ ఒడ్డుకి చేరింది. బెంగాలీవాళ్ళలో ముగ్గురు వల దించి, అన్నం గిన్నెలో పెట్టించుకుని, ఈ వారమంతా చేస్తున్నట్టే దాక్కుని తినడానికి సరుగుడు తోటలోకి వెళ్ళిపోయారు. సూరయ్యా వాళ్ళ వెనకే బయల్దేరాడు. తడిసిన లుంగీ మోకాళ్ళ పైకి కట్టుకుని ఉన్నాడు. పెదవులు ఉప్పుకి తెల్లబారి ఉన్నాయి.

"తినీసి ఎల్లు. కానాగంతల పులుసు కాసినాను, ఇసకలో కూకుని ఏటి తింటావు" అంది తవిటమ్మ.

వాడు తోట వైపు చూశాడు, పొయ్యి వైపు చూశాడు. పొయ్యి గెలిచింది. వంట పాక నీడలో చతికిలబడి కంచం ముందుకు లాక్కున్నాడు. పెద్ద ముద్ద కలిపి నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. తవిటమ్మ రోడ్డు వైపు తిరిగి నిలబడింది. వాడు తినేదాకా తను కాపలా కాస్తే సరిపోతుంది. ఎంతసేపని?

వాళ్ళు రోడ్డు వైపు నుంచి రాలేదు.

బళ్ళను దూరంగా ఎక్కడో ఆపి, సముద్రం పక్కనే నడుచుకుంటూ వచ్చారు. అలల హోరులో బూట్ల చప్పుడు ఏం వినబడుతుంది? తవిటమ్మ వెనక్కి తిరిగేసరికి పాక వాసం పట్టుకుని ఒక ఆఫీసరు నిలబడి ఉన్నాడు. కుర్రవాడే. బూట్లలో ఇసక పడిందని చిరాగ్గా ఒక కాలు విదిలిస్తున్నాడు. అతని వెనక ఇద్దరు పోలీసులు.

వీడెవడని ఆఫీసరు ఒడియాలో అడిగాడు.

"మో భాయిర పుఅ, సార్" అంది తవిటమ్మ. నా తమ్ముడి కొడుకు అని.

ఎందుకలా అందో ఆమెకే తెలీదు. ఆమెకు అక్కచెల్లెళ్ళు లేరు. ముందు పుట్టినవాళ్ళెవరూ దక్కకపోతే, ఈ పిల్లయినా నిలవాలని పురిట్లోనే చేటెడు తవుడికి పొరుగింటావిడకి అమ్మి, మళ్ళీ తెచ్చుకున్నారట ఆమెను. ఆ తవుడే పేరై కూర్చుంది. తన వెనక పుట్టినవాడు నరసన్న ఒక్కడే. ఒక ఏడు పారాదీపు వేటకెళ్ళి తిరిగి రాలేదు. భయంలో నోరు తెరిచేసరికి ఉన్న తమ్ముడే వచ్చాడు తప్ప, లేని చెల్లెలు రాలేదు. అబద్ధమాడటానికి కూడా కాస్త అలవాటుండాలి. అది ఆమెకు లేదు.

ఆఫీసరు పక్కనున్న కానిస్టేబుల్ని పిలిచి, ప్రసాద్, నువ్వు తెలుగులో మాట్లాడు అన్నాడు. పోలీసులకు తెలుగు అంతగా రాదన్న ధీమా మీదే కదా తవిటమ్మ ఈ పాఠాలన్నీ చెప్పింది! ప్రసాద్‌ది బరంపురంలో స్థిరపడ్డ తెలుగు కుటుంబం కాబోలు. బొజ్జ కొంచెం ముందుకొచ్చిన నడివయసు మనిషి. ఎండకి మొహమంతా చెమటలు కారుతున్నాయి.

"ఏం పేరు బాబూ?"

సూరయ్య నోట్లో ముద్ద మింగాడు. "సూరయ్య."

ఎక్కడా గుండ్రం లేదు. తవిటమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏ ఊరు?"

"సోంపేట."

"ఇక్కడేం చేస్తావు?"

"వల లాగుతాను."

వల అన్నాడు. వోల అనలేదు. తవిటమ్మకు ప్రాణం లేచొచ్చింది. ఆఫీసరు అప్పుడే ఆసక్తి పోయినవాడిలా సరుగుడు తోట వైపు చూస్తున్నాడు. ప్రసాద్ కూడా జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. వెళ్ళబోతూ, మాట కలపడానికన్నట్టు తవిటమ్మ వైపు గడ్డం చూపించాడు.

"ఈవిడ ఏమవుతుంది నీకు?"

సూరయ్య మొహం వికసించింది. అన్ని ప్రశ్నల్లోకీ అదే తేలికైంది. దానికి పాఠం అక్కర్లేదు.

"పెద్దమ్మ" అన్నాడు.

ఎంత చక్కగా అన్నాడో! పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి అంటున్నట్టు అన్నాడు. జేబురుమాలుతో ప్రసాద్ చెయ్యి మెడ మీదే ఆగిపోయింది. తవిటమ్మ వైపు చూశాడు. ఈసారి అతని నోట్లోంచి పట్నం తెలుగు రాలేదు. చిన్నప్పుడు ఏ అమ్మమ్మ దగ్గరో విన్న మాట వచ్చింది.

"తమ్ముడి కొడుకైతే అత్త అనాల కదమ్మా. పెద్దమ్మంటాడేటి?"

"సిన్నప్పట్నుంచీ అలగే పిలుస్తాడు బాబూ. అలవాటు" అంది తవిటమ్మ.

ఊరుకుంటే ఊరుకోగలిగేవాడేమో ప్రసాద్. వరసల సంగతి ఆ ఒడియా ఆఫీసరుకి ఏం తెలుసు? కానీ అతను అప్పటికే ఇటు తిరిగాడు. ఏమైందని అడిగాడు. ప్రసాద్ పెదవి తడుపుకున్నాడు. అతనికీ ఉద్యోగముంది, అతని ఇంట్లోనూ ఎదురుచూసేవాళ్ళుంటారు. భయం ఖాకీ బట్టలు వేసుకున్నా భయంలాగే ఉంటుందని తవిటమ్మ అప్పుడే చూసింది. అతను ఒడియాలో రెండు ముక్కలు చెప్పాడు. ఆమెకు రెండూ అర్థమయ్యాయి.

తరవాతదంతా గొడవేమీ లేకుండానే జరిగిపోయింది. సురుజ్ అలీ బొడ్లోంచి ప్లాస్టిక్ సంచీ తీసి, అందులోంచి కార్డు తీసి ఇచ్చాడు. ముర్షీదాబాద్ అన్నాడు, ఇండియా అన్నాడు, హిందీలో అన్నాడు, బెంగాలీలో అన్నాడు. ఇవి అందరి దగ్గరా ఉంటాయిలే, నిజమో కాదో చూడాలి అన్నాడు ఆఫీసరు. కొట్టలేదు, తిట్టలేదు. కొడితే కనీసం తవిటమ్మ అడ్డం పడేదేమో. పద అన్నారు, అంతే.

వాడు చెంబుతో నీళ్ళు తీసుకుని చెయ్యి కడుక్కున్నాడు. లుంగీ దించి సర్దుకున్నాడు. ముడి పడలేదు, మళ్ళీ కట్టుకున్నాడు. తవిటమ్మ ఎదుటికి వచ్చి నిలబడి, ఆమె నేర్పినట్టే అన్నాడు.

"ఎల్లొత్తాను పెద్దమ్మా."

తవిటమ్మ తల ఊపింది. వాడు పోలీసుల మధ్య, తడి ఇసకలో, సముద్రం పక్క నుంచి నడుచుకుంటూ పోయాడు. దూరంగా తెల్లటి వ్యాను తలుపు తీసిన చప్పుడు, వేసిన చప్పుడు వినిపించాయి.

వాళ్ళు కనుమరుగయ్యాక రేవంతా పాక దగ్గర చేరింది. ఇంతసేపూ తలుపు సందుల్లోంచి చూసినవాళ్ళే. అసిరమ్మ ముందు పరిగెత్తుకొచ్చింది.

"ఎక్కడికి తీసికెల్తన్నామన్నారే?"

"సెప్పలేదు."

"నువ్వడగలేదేటి?"

"ఎలగడుగుతానే? ఆడు బయలెల్తన్నాడు కద. ఎదురుగా నిలబడి ఎక్కడికని అడుగుతారేటి?"

అవునే, నిజమే అన్నట్టు అసిరమ్మ తల ఊపింది. చుట్టూ ఉన్నవాళ్ళూ ఊపారు. గడప దాటే మనిషిని ఎక్కడికని అడగకూడదు. వేటకెళ్ళేవాణ్ణి అసలే అడగకూడదు. అడిగితే వెళ్ళినవాడు తిరిగి రాడని ఈ రేవులో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. తవిటమ్మ తన మొగుణ్ణి అడగలేదు, నరసన్నను అడగలేదు, ధనరాజు రైలెక్కిననాడు కూడా అడగలేదు. వాళ్ళు అడక్కుండానే చెప్పేవారు.

జనం పల్చబడ్డాక గానీ ఆమెకు తెలిసిరాలేదు. వాణ్ణి ఏ ఊరు తీసుకెళ్ళారో ఈ భూమ్మీద వాడివాళ్ళెవరికీ తెలీదు. అడగగలిగింది తనొక్కతే. అడగలేదు. ఆచారమని ఇందాక అసిరమ్మతో అంది గానీ, నిజంగా ఆచారమేనా? ఆ కుర్ర ఆఫీసరు తన మొహం చూసి, మరి నువ్వెవరు, మీవాళ్ళు ఎక్కణ్ణుంచొచ్చారు అని అడుగుతాడేమోనన్న భయం కాదూ? ఎంత తిప్పి చూసుకున్నా ఆమెకు తేలలేదు. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే వాడు వదిలేసిన అన్నం కుక్కకి పెట్టింది, కంచం కడిగింది, చేపలు తిరగేసింది. పని ఆగదు కదా.

పొద్దు వాలుతుండగా సావుకారి ఫోన్ చేశాడు.

"నా పేరు సెప్పినావేటి?"

"లేదు బాబూ."

"బతికించినావు." ఆయన గొంతు తేలికపడింది. "మిగతా ముగ్గురూ?"

"తోటలోంచి అటే ఎల్లిపోనారట. రైలెక్కీసుంటారు."

"ఛ! మరి రేపు పడవకి మనుసులేరీ? మీ ధనరాజుని రమ్మనరాదూ. ఊరోడు ఊళ్ళో ఉంటే గౌరవం."

"కూలి పెంచుతారా బాబూ?"

అవతల ఫోన్ తెగిపోయినట్టుంది. సిగ్నల్ లేదేమో అనుకుంది తవిటమ్మ, ఆయన మీద గౌరవం కొద్దీ. సూరయ్యను ఎక్కడికి తీసుకెళ్ళారని ఆయన అడగనేలేదు. ఆయన అడగకపోవడానికి ఏ ఆచారమూ అడ్డం లేదు.

చీకటి పడకముందే చేపలు ఎత్తి గోనెల్లో కట్టి, తల మీద పెట్టుకుని ఇంటికొచ్చింది. గడపలో గోనె దించుతుండగా లోపల ఏదో వెలిగింది. పాట మొదలైంది.

వలల షెడ్డులో కరెంటు లేదు. వేటకెళ్ళే ముందు సూరయ్య తన ఫోను తెచ్చి ఈ ఇంట్లో చార్జింగు పెట్టుకుంటాడు. ఇవాళ దాన్ని తీసుకునే తీరిక ఎక్కడ చిక్కింది? గోడకున్న బోర్డు నుంచి తీగె కిందికి దిగి, దాని చివర పీట మీద ఫోను మోగుతోంది. అద్దం మీద ఒక ఆడమనిషి బొమ్మ, చంకలో పిల్ల. పైన ఏవో బెంగాలీ అక్షరాలు.

పోలీసులు మళ్ళీ వస్తే? ఈ ఫోను ఈ ఇంట్లో దొరికితే? తీసుకెళ్ళి సముద్రంలో పారేస్తే పీడ పోతుంది. ఆ ఆలోచన వచ్చినందుకు తవిటమ్మకు తన మీద తనకే అసహ్యం వేసింది. చీర చెంగుకి చెయ్యి తుడుచుకుని, ఆకుపచ్చ గుర్తు మీద వేలు పెట్టి జరిపింది.

అవతలి మనిషి గబగబా మాట్లాడింది. వెనకాల పిల్ల ఏడుపు. తవిటమ్మ గొంతు సవరించుకుని "సూరయ్య..." అంది. ఆ పేరు అక్కడ ఎవరికీ తెలీదు.

"కే?" అంది ఆ గొంతు, ఎవరని. తరవాత అనుమానంగా, నెమ్మదిగా, "సురుజ్? సురుజ్ కొథాయ్?"

కొథాయ్ అంటే ఏమిటో తవిటమ్మకు తెలుసు. నలుగురూ ఫోన్లలో మాట్లాడుకునేటప్పుడు అటునుంచి రోజూ వినబడే మాటే. ఒడియాలో 'కేఉఁఠి' అనే మాటకి దగ్గరి చుట్టం. ఎక్కడ? ఎక్కడ, సురుజ్ ఎక్కడ? ఆ మనిషికి ఏ ఆచారమూ అడ్డు రాలేదు. మళ్ళీ అడిగింది, ఇంకోసారి అడిగింది, అడిగినకొద్దీ గొంతు పైకి పోతోంది. తెలుగులో గానీ ఒడియాలో గానీ తవిటమ్మ దగ్గర చెప్పడానికి ఒక్క ఊరి పేరు లేదు. ఫోను పీట మీద పెట్టేసి వెనక్కి జరిగి గోడకి ఆనుకుని కూలబడింది. కాసేపటికి అటు గొంతు ఆగింది.

మళ్ళీ మోగింది. చార్జింగు నిండిన ఆ ఫోను వెనక అట్టకి ఎండిన చేప పొలుసు ఒకటి అంటుకుని ఉంది, వణికినప్పుడల్లా ఫోను పీట అంచు వైపు కొంచెం కొంచెంగా జరుగుతోంది.